క్రొత్త నాదము, పాత చెవి

పాట వినకయే దానిపై తీర్పు చెప్పుట మన యిండ్లలో నొక వాడుక. తిరువూరిలో మా చెల్లెలి కుమార్తె గిటారు నేర్చుకొందునన్నది. ఆమె మిక్కిలి ప్రీతితో వినునది "మాథ్ రాక్", అనగా లెక్కల రాక్. సామాన్యమైన రాక్ సంగీతము నాలుగు లెక్కలపై నడచును. ఇందు అయిదు, ఏడు, పదునొకండు లెక్కలు వచ్చి, వచ్చినది నిలువక మాఱుచుండును. "అది గోల, పైగా గిటారు పట్టిన పిల్లకు సంబంధములు రావు" అని పెద్దలనిరి. వారిలో నొక్కరైనను ఆ పాటను కడవఱకు వినలేదు.

నేను తొడపై తాళము వేయుచు వింటిని. ఏడింటి నడక మన మిశ్రచాపువలెను, అయిదింటి నడక ఖండచాపువలెను చేతికి చిక్కినవి. త్యాగరాజ కీర్తనలతో పెరిగిన చెవికి ఈ లెక్కలు పరాయివి కావు. పరాయిది వాద్యధ్వని మాత్రమే.

ఈ మార్గమునకు మూలమని పలువురు చెప్పు ఆల్బములలో నొకటి "స్పైడర్‌లాండ్". అమెరికాలోని లూయీవిల్ నగరమునకు చెందిన స్లింట్ బృందము దానిని 1991లో వెలువరించెను. అది వెలువడునప్పటికే బృందము విడిపోయినది. నాడు కొన్నవారు కొలది; మెచ్చిన విమర్శకులు ఇంకను కొలది. కీర్తి మెల్లగా, ఏండ్లు గడచిన పిదప వచ్చినది.

దూరదేశపు మాట యేల? 1978లో గుడివాడ త్యాగరాజారాధనోత్సవమున, పాలకొల్లులో పుట్టిన తొమ్మిదేండ్ల ఉప్పలపు శ్రీనివాస్ మాండొలిన్‌పై తొలి కచేరి చేసెను. పరదేశపు వాద్యమున గమకము పలుకునా యని ఆక్షేపించినవారు ఆ దినములలో లేకపోలేదు. గురువగు రుద్రరాజు సుబ్బరాజుగారు పాడగా, బాలుడు ఆ పాటను తీగెపైకి తెచ్చుకొనెను. జంటతీగెలను విడిచి, విద్యుత్ మాండొలిన్‌కు అయిదు ఒంటితీగెలు అమర్చుకొనెను. 1995లో కెనడా సంగీతజ్ఞుడు మైకేల్ బ్రూక్‌తో కూడి "డ్రీమ్" అను ఆల్బము చేసెను. 1998లో పద్మశ్రీ పొందెను. 2014లో ఆయన నలువదియైదవ యేట మరణించునాటికి "మాండొలిన్" అనునది ఆయన యింటిపేరువలె నైపోయినది. ఫిడేలు మాత్రము మన గడ్డపై పుట్టినదా? ద్వారం వేంకటస్వామినాయుడుగారి కమాను కదలినపుడు దాని జన్మదేశమును అడిగినవారెవరు?

క్రొత్తదెల్ల మంచిదని నా వాదము కాదు. విని, లెక్క పట్టి, అటుపై నచ్చలేదనుట శ్రోతకు హక్కు. వినక మునుపే కాదనుట విమర్శ యనిపించుకొనదు. దానివలన నష్టపడునది పాట కాదు, నేర్వదలచిన పిల్ల. పెండ్లిమాట చెప్పి ఆడపిల్ల చేతినుండి వాద్యమును లాగుకొనుట మఱింత అన్యాయము. పుస్తకము పట్టిన పిల్లకు వరుడు దొరకడని మన తాతలును అనిరి గదా!

పెద్దలను నేను కోరునది స్వల్పము: ఒక్క పాటను, తాళము వేయుచు, కడవఱకు వినుడు. పిదప మాటాడుదము.