గోదావరి గుడ్డు, వంగదేశపు కూర

తణుకు నుంచి ఈశాన్యంగా సాగే 16వ నంబరు జాతీయ రహదారి సిద్ధాంతం వద్ద వశిష్ఠను, రావులపాలెం తరువాత గౌతమిని దాటుతుంది. ఆ పైన కొండలకూ సముద్రానికీ నడుమ ఒడిశాలో ప్రవేశించి, చిలికా సరస్సు పక్కగా నడిచి, చివరకు కోల్‌కతా పొలిమేరలు చేరుతుంది. వెయ్యి కిలోమీటర్లకు పైబడిన ఈ దారిని పూరీ జగన్నాథుని కోసమో, కాళీఘాట్ అమ్మవారి కోసమో పట్టిన యాత్రికులు ఎందరో ఉన్నారు. అయితే ఏ పుణ్యమూ ఆశించకుండా దశాబ్దాలుగా ఈ దారిన పయనిస్తున్న యాత్రికురాలు మరొకటి ఉన్నది. అది కోడిగుడ్డు.

తణుకు, మండపేట, అనపర్తి ప్రాంతాలలో కొబ్బరితోటల వెనుక పొడవాటి షెడ్లు కనబడతాయి. వాటికి గోడలుండవు, గాలి ఆడడానికి ఇనుప వలలే ఉంటాయి. లోపల పంజరాలలో తెల్లని కోళ్లు. ఒక గుడ్డు కోడి కడుపులో తయారు కావడానికి ఇంచుమించు ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది. మేలుజాతి కోడి ఏడాదికి మూడు వందలకు పైగా గుడ్లు పెడుతుంది. వరి పండే సీమ కనుక నూకలకూ తవుడుకూ లోటు లేదు; మొక్కజొన్న మెట్ట ప్రాంతాల నుంచి వస్తుంది. ముప్పై గుడ్లు ఒక అట్ట, ఏడు అట్టలు ఒక పెట్టె, వెరసి 210. ఇలా లెక్క కట్టి లారీకెత్తుతారు.

పెంకు చూపుకు రాయివలె ఉన్నా, దానిలో కంటికి కనబడని రంధ్రాలు వేల సంఖ్యలో ఉంటాయి. గుడ్డు దారి పొడవునా శ్వాసిస్తూనే ఉంటుంది. లోపలి బొగ్గుపులుసు వాయువు మెల్లగా బయటికి పోతుంది. తెల్లసొనలో క్షారగుణం పెరుగుతుంది. లోపలి పొర తెల్లసొనను మునుపటి వలె గట్టిగా అంటిపెట్టుకోదు. అందువల్ల అప్పుడే పెట్టిన గుడ్డును ఉడికించిన తణుకు ఇల్లాలు, పెంకుతోపాటు సగం తెల్లసొన ఊడివస్తున్నదని విసుక్కుంటుంది. అదే గుడ్డు నాలుగు రోజుల తరువాత కోల్‌కతా వంటింట్లో చొక్కా విప్పినట్లు పెంకు విడుస్తుంది. ప్రయాణపు బడలిక కోడిగుడ్డుకు మేలే చేస్తుందన్నమాట.

గోదావరి తీరాన గుడ్డు అంటే పులుసే. ఉడికిన గుడ్లను ఒలిచి, చాకుతో నిలువునా నాలుగు గాట్లు పెట్టి, పసుపూ ఉప్పూ అద్ది నూనెలో దొర్లిస్తారు. పైపొర ఎర్రబడి అక్కడక్కడ పొంగాలి. గుడ్లు తీసి పక్కన పెట్టి, అదే నూనెలో ఆవాలు, జీలకర్ర, చిటికెడు మెంతులు, ఎండుమిర్చి, కరివేపాకు వేస్తారు. ఉల్లిపాయ ముక్కలు ధారాళంగా పడాలి; ఈ కూరకు చిక్కదనం ఇచ్చేది అవే. అవి బాగా మగ్గాక కారం, ధనియాల పొడి, ఆ పైన చింతపండు రసం, చిన్న బెల్లం ముక్క. పులుసు మరిగి నూనె పైకి తేలినప్పుడు గుడ్లు జారవిడిచి సన్నని సెగ మీద ఉంచుతారు. గాట్లు పెట్టడం అలంకారానికి కాదు. ఉడికిన తెల్లసొన పులుసును లోపలికి పీల్చుకోదు, దారి చేసి ఇవ్వాలి. గుడ్డును అతిగా ఉడికిస్తే పచ్చసొన చుట్టూ ఆకుపచ్చని వలయం ఏర్పడుతుంది. సొనలోని ఇనుము, గంధకం కలియడం వల్ల వచ్చే రంగు అది. హాని లేదు గాని చూపుకు బాగుండదు.

వంగదేశంలో ప్రవేశించగానే చింతపండు వెనుకబడుతుంది. ఆవనూనెను పొగ లేచేదాకా కాచి దాని ఘాటు విరుస్తారు. పసుపు, కారం పట్టించిన గుడ్లు, రెండుగా కోసిన బంగాళాదుంపలు అందులో వేగుతాయి. బిరియానీ ఆకు, దాల్చినచెక్క, ఏలకులు, ఉల్లి, అల్లం వెల్లుల్లి ముద్ద, చిటికెడు పంచదార తరువాతి వంతు. పలుచగా ఉంటే ఝోల్, చిక్కబడితే డాల్నా. దుంప లేని గుడ్డు కూరను అక్కడివారు అసలు కూర కింద జమకట్టరేమో అనిపిస్తుంది.

అయితే ఒకప్పుడు ఆ కూరలో కోడిగుడ్డు ఉండేది కాదు. సనాతన హిందూ గృహాలలో కోడికీ దాని గుడ్డుకూ వంటింట ప్రవేశం లేదు. చెరువుల నాడు కనుక బాతుగుడ్డే చెల్లుబాటు. అది పెద్దది, పచ్చసొన నిండైనది, కాని అందరికీ సరిపోయేది కాదు. పెద్ద కుటుంబాలలో ఉడికిన గుడ్డును దారంతో సరిగ్గా రెండుగా కోసి పిల్లలకు పంచేవారు. చాకుతో కోస్తే సొన కత్తికి అంటుకుని ఒక సగానికి అన్యాయం జరుగుతుంది; దారం పక్షపాతం చూపదు. దారానికి చుట్టూ కూర్చున్న పిల్లల కళ్లే కాపలా.

గుడ్డులో సుమారు ఆరు గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. సగం గుడ్డు నిండు గుడ్డు కావడం అంటే బిడ్డకు మరో మూడు గ్రాములు దక్కడం. ఆ మార్పులో గోదావరి లారీకి పెద్ద పాత్రే ఉన్నది. కొంతకాలంగా వంగ రాష్ట్రం సొంత ఫారాలను కూడా పెంచుకుంటూ వస్తున్నది.

ఇందుకు చెల్లించిన మూల్యమూ తక్కువ కాదు. పెరట్లో తిరిగే కోడి పంజరంలోకి చేరింది. రైతు మేత ఖరీదుకూ గుడ్డు ధరకూ మధ్య నలుగుతున్నాడు. దళారుల చేతినుంచి ధరను తప్పించడానికే 1982లో జాతీయ కోడిగుడ్ల సమన్వయ కమిటీ ఏర్పడింది. వ్యాధి వస్తే ఆ ధర కూడా నిలవదు. 2008 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో బర్డ్ ఫ్లూ సోకినప్పుడు పల్లెల పెరటి పక్షులు లక్షల సంఖ్యలో నిర్మూలనకు గురయ్యాయి. నాలుగు కోళ్లే ఆస్తిగా గల ఆడవారికి అది చిన్న నష్టం కాదు. 2025 ఫిబ్రవరిలో అదే వ్యాధి తణుకు పక్కనున్న వేల్పూరులోనూ, పెరవలి మండలం కానూరులోనూ బయటపడింది. బాగా ఉడికిన గుడ్డులో ఆ వైరస్ బతకదని వైద్యులు చెబుతారు. కాని భయం మరిగే నీటికి చావదు. అలాంటి రోజుల్లో ముందుగా మూతపడేది చిన్న రైతు షెడ్డే.

ఈ రెండు రుచులూ ఎదురుపడే ఊరు ఖరగ్‌పూర్. బెంగాల్ నాగపూర్ రైల్వే ఆ ఊరిని కూడలిగా చేసుకుని పెద్ద కార్ఖానా నెలకొల్పింది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పనికోసం తెలుగువారు వందల కుటుంబాలుగా అక్కడికి తరలివెళ్లారు. వారి మనుమలు బెంగాలీ, హిందీ ధారాళంగా మాట్లాడతారు. వీధిలో తెలుగు కూడా వినబడుతుంది. ఆ తాతలు వచ్చిన తీరపు దారినే గుడ్డు కూడా వస్తున్నది. ఆదివారం పొద్దున గోడకు అవతల ఆవనూనె పొగ లేచే వేళకు, ఇవతల చింతపండు నానుతూ ఉంటుంది. రెండు గిన్నెలలోని గుడ్లూ ఒకే అట్టలో నుంచి తీసినవే కావచ్చు.