దూకబోయే ముందు

విమానంలోంచి దూకుదామన్న ఆలోచన నాది కాదు, మా అక్క కూతురిది. "నడిస్తే ఎవరూ చూడరు పిన్నీ. పరిగెత్తినా చూడరు. పైనుంచి దూకితే మాత్రం తలెత్తి చూస్తారు" అంది. వాళ్ళమ్మ పోయి అప్పటికి ఆరేళ్ళు.

అక్క 2017లో తెనాలిలో రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. గడ్డ చేతికి తగిలాక ఏడాదిన్నర పాటు ఎవరికీ చెప్పలేదు. జాకెట్లు వదులుగా కుట్టించుకుంది. బావకి చెప్పలేదు, కూతురికి చెప్పలేదు, ప్రతి ఆదివారం గంటసేపు ఫోన్లో ఊరి కబుర్లన్నీ చెప్పే మనిషి నాకూ చెప్పలేదు. చివరి రోజుల్లో పక్కన కూచుని "ఎందుకే చెప్పలేదు?" అని ఏడిస్తే, "ఏమని చెప్పను? ఎక్కడుందని చెప్పను?" అంది. ఆ ఒక్క మాట ఇప్పటికీ నన్ను నిద్ర పోనివ్వదు. పిల్లకి పాలిచ్చిన చోటుకి పేరు పెట్టి చెప్పుకోలేక మా అక్క ప్రాణం పోగొట్టుకుంది.

అందుకే అక్క కూతురు దూకుదామంటే నవ్వలేకపోయాను. 2023 చలికాలంలో నాటింగ్‌హామ్ దగ్గర మా వంటింటి బల్లమీద ఇంగ్లండు మ్యాపు పరిచాం. ఎనిమిదిమంది తెలుగు ఆడవాళ్ళం. ఒక్క వేసవి, నాలుగు చోట్లు. మా ఇంటికి దగ్గర్లోని లాంగర్, లింకన్‌షైర్‌లో హిబల్డ్‌స్టో, విల్ట్‌షైర్‌లో నెథరావన్, స్కాట్లాండులో స్ట్రాథలన్. ఒక్కోచోట ఇద్దరిద్దరం దూకాలి. దూకిన చోటల్లా మనవాళ్ళని పోగుచేసి రొమ్ము పరీక్షల గురించి తెలుగులో చెప్పాలి. వచ్చిన చందాలు గుంటూరు జిల్లా పల్లెల్లో స్త్రీల పరీక్షలకు పంపాలి. చూస్తుండగానే అది పెద్ద యాత్రయి కూచుంది.

దూకడమంటే మేము ఒంటరిగా దూకేది కాదు. టాండెం అంటారు. శిక్షకుడి ముందువైపు మనల్ని పట్టీలతో బిగిస్తారు. పదీ పదమూడు వేల అడుగుల ఎత్తున తలుపు తీస్తారు. గంటకు దాదాపు 200 కిలోమీటర్ల వేగంతో ముప్పావు నిమిషం కిందికి పడిపోతాం. ఐదువేల అడుగుల దగ్గర గొడుగు విచ్చుకుంటుంది. తర్వాత నాలుగైదు నిమిషాలు గాలిలో తేలుతూ దిగడమే. మేము నేర్చుకోవలసిందల్లా కాళ్ళు ఎలా ముడుచుకోవాలో, దిగేటప్పుడు ఎలా ఎత్తిపట్టుకోవాలో అంతే. అరగంట పాఠం. అంతకన్నా కష్టం కరపత్రం అచ్చు వేయించడం.

ఉగాది సభలో కరపత్రాలు పంచుకోనివ్వమని మా ఊరి తెలుగు సంఘం పెద్దల్ని అడిగాం. చదివి, ఒకాయన ఆ మాట కింద పెన్సిలుతో గీత గీశాడు. "స్త్రీల ఆరోగ్యం అంటే సరిపోతుంది కదమ్మా. సభకి పిల్లలు కూడా వస్తారు" అన్నాడు. ఆ పిల్లలు పుట్టగానే వెతుక్కున్నది దాన్నే కదండీ అందామనుకున్నాను. అనలేదు. ఇంకొకాయన మరీ ఉత్సాహపడిపోయి, "అందరూ పట్టుచీరలు కట్టుకుని దూకండి. ఫోటోలు అదిరిపోతాయి" అన్నాడు. మా ఒంట్లో ఒక భాగం పేరు చెబితే అసభ్యం. అదే ఒంటికి చీర చుట్టి ఆకాశంలోంచి విసిరితే సంస్కృతి!

చీరకి నేను వ్యతిరేకం కాదు. పుణెకి చెందిన శీతల్ మహాజన్ 2018లో థాయ్‌లాండులో తొమ్మిది గజాల మరాఠీ చీర కట్టుకుని 13,000 అడుగుల నుంచి దూకింది. 2004లో ఉత్తర ధ్రువం మీద, 2006లో అంటార్కిటికాలో దూకిన మనిషి ఆమె. ఆ చీర ఆమె ఎంచుకున్నది. ఎవరు ఎంచుకున్నారన్నదే తేడా.

ఆ రాత్రి కోపంతో నిద్రపట్టక చదువుతుంటే జార్జియా బ్రాడ్‌విక్ కథ తగిలింది. అందరూ 'టైనీ' అనేవారట. అమెరికాలో పత్తిమిల్లు కూలి. 12 ఏళ్ళకి పెళ్ళి, 13 ఏళ్ళకి తల్లి. 1908లో బెలూన్ల ప్రదర్శన చేసే బృందంలో చేరి దూకడం మొదలుపెట్టింది. 1913లో విమానంలోంచి పారాచూట్‌తో దూకిన మొదటి స్త్రీ అయింది. మరుసటేడు అమెరికా సైన్యానికి చూపిస్తుండగా విమానం తోకకి తాడు చుట్టుకుంటే, తాడు కోసేసుకుని, స్వేచ్ఛగా పడుతూ తన చేత్తోనే గొడుగు విప్పుకుంది. అంత ధైర్యమున్న మనిషిని ఆ ప్రదర్శనవాళ్ళు ఏమని ప్రచారం చేశారో తెలుసా? 'బొమ్మ పిల్ల' అని. కుచ్చుల లాగులు, రిబ్బన్లు, నెత్తిన పసిపిల్లల టోపీ. ఆ వేషం ఆమెకి అసహ్యమట. నూరేళ్ళు దాటినా పట్టుచీర పెద్దమనిషి ఆ ప్రదర్శనవాళ్ళ వారసుడిగానే మిగిలాడు.

కోపం చల్లారాక ఇంకో ప్రశ్న మొదలైంది. ఇది మమ్మల్నే అడిగే ప్రశ్న. మా ఎనిమిదిమందిలో నర్సుగా పనిచేసే ఒకావిడ 1999లో ఒక వైద్య పత్రికలో వచ్చిన వ్యాసం తెచ్చి బల్లమీద పెట్టింది. స్కాట్లాండులో రెండు పారాచూట్ కేంద్రాల నుంచి ఐదేళ్ళలో గాయాలతో వచ్చిన 174 మంది లెక్క అది. అందులో 94 శాతం దానధర్మాల కోసం మొదటిసారి దూకినవాళ్ళే. ఒక్కొక్కరు పోగుచేసింది సగటున 30 పౌన్లు. వాళ్ళు తెచ్చిన ప్రతి పౌనుకీ ప్రభుత్వ వైద్యానికి అయిన ఖర్చు 13 పౌన్ల 75 పెన్నీలు. అది పాతికేళ్ళ కిందటి లెక్క, టాండెంలో ప్రమాదం అంతకంటే తక్కువ, నిజమే. అయినా నాకు సిగ్గేసింది. కొన్నిచోట్ల ఇంత మొత్తం చందా తెస్తే మీకు దూకుడు ఉచితం అంటారు. ఉచితమేమిటి, ఆ ఖర్చు చందాలోంచే పోతుంది. మా సరదాకి అక్క పేరు చెప్పి అడుక్కోవడమా ఇది?

ఆమె ఇంకో కాగితం కూడా తెచ్చింది. ముంబయిలో టాటా మెమోరియల్ వైద్యులు లక్షా యాభై వేలకు పైగా స్త్రీలను 20 ఏళ్ళపాటు గమనించి 2021లో ప్రచురించిన అధ్యయనం. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు చేత్తో తడిమి చేసే పరీక్షే, యంత్రాలు లేవు. యాభై దాటినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ చావులు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకంటే చిన్నవాళ్ళలో అంత ఫలితం కనబడలేదనీ అందులోనే ఉంది. మన దేశంలో ముప్పై దాటిన స్త్రీలకు ఈ చేతి పరీక్ష చెయ్యాలని 2016లోనే ప్రభుత్వ మార్గదర్శకాలు వచ్చాయి. మా అక్క పోవడానికి ఏడాది ముందు! ఆ చేతులు మా ఇంటి గడప దాకా రాలేదు. వచ్చినా అక్క జాకెట్టు హుక్కులు తీసేదా అన్నది నాకు జవాబు దొరకని ప్రశ్న.

అక్కడితో యాత్ర సగం కుంచించుకుపోయింది. నాలుగు చోట్లు రెండయ్యాయి, ఎనిమిదిమందిమి ఐదుగురమయ్యాం. దూకే ఖర్చు ఎవరిది వాళ్ళే పెట్టుకోవాలి, చందాలో పైసా ముట్టకూడదు, అదంతా పల్లెల్లో చేతి పరీక్షలు నేర్పడానికే పోవాలి అని రాసుకున్నాం. కరపత్రంలో 'రొమ్ము' అన్న మాట తీసెయ్యకూడదనీ రాసుకున్నాం. సంఘం సభ వదులుకుని గుడి దగ్గర, కిరాణా కొట్ల ముందు నిలబడి పంచాం.

ఇక మిగిలింది దూకేముందు సంతకం పెట్టే ఆరోగ్యపు ఫారం. బరువెంత? ఏ జబ్బులున్నాయి? చివర, నాకు తెలిసినంతలో నేను ఆరోగ్యంగా ఉన్నాను అనే అర్థం వచ్చే వాక్యం. అక్కడ నా కలం ఆగిపోయింది. నాకు తెలిసినంతలో. తెలుసుకోవడానికి నేనేం చేశానని?

ఈ దేశంలో యాభై దాటిన స్త్రీలకు డెబ్భై దాకా మూడేళ్ళకోసారి రొమ్ము ఎక్స్‌రే తీయించుకోమని ఉత్తరం వస్తుంది. 1988 నుంచీ ఉన్న ఏర్పాటు. నాకూ వచ్చింది. పరీక్షల వ్యాను మా ఇంటికి పది నిమిషాల దూరంలో సూపర్ మార్కెట్ ముందు ఆగింది. నేను వెళ్ళలేదు. ఆ ఉత్తరం రెండేళ్ళుగా పోపుల డబ్బాలున్న అర కింద సొరుగులో ఉంది. పదమూడువేల అడుగుల నుంచి దూకడానికి ఒప్పుకున్న నేను నాలుగు మెట్ల వ్యాను ఎక్కలేకపోయాను. అక్కని ఏ నోటితో అడిగాను, ఎందుకు చెప్పలేదని?

సొరుగులోంచి ఉత్తరం తీసి అందరి ముందూ పెట్టాను. ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి అక్క కూతురు "నేనూ చూసుకోవడం మానేశాను పిన్నీ. చెయ్యి తగిలితే అమ్మ గుర్తొస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళమని నువ్వు చెప్పినప్పుడల్లా వెళ్ళానని అబద్ధం చెప్పాను" అంది. దూకుదామని మొదట అన్న పిల్ల!

ఆ రోజు చివరి నిబంధన రాసుకున్నాం. ముందు పరీక్ష, తర్వాతే విమానం. ఎవరికి ఏ పరీక్ష కావాలో నర్సు చెప్పింది. నేను వ్యానెక్కాను. రెండు పలకల మధ్య నొక్కినప్పుడు నొప్పి పుట్టింది, నిమిషాల్లో అయిపోయింది. రెండు వారాలకి బాగానే ఉందని ఉత్తరం వచ్చింది. ఆ వేసవిలో ఒకచోట మబ్బులు పట్టి రోజంతా గడ్డిలో కూచుని తిరిగొచ్చాం, ఒకచోట దూకాం. జనం తలెత్తి చూశారు. చందా మేమనుకున్న దాంట్లో సగమే వచ్చింది.

దూకిన సంగతి అడిగినవాళ్ళందరికీ చెబుతూనే ఉంటాను. నాకు గుర్తుండేది మాత్రం అంతకు నెల ముందు రోజు. అక్క కూతురితో కలిసి డాక్టరు గదిలో కూచున్నాను. అమ్మకి ఎక్కడ వచ్చింది అని డాక్టరమ్మ అడిగింది. పిల్ల నా వైపు చూడలేదు. చెయ్యెత్తి తన ఎడమ రొమ్ము మీద పెట్టుకుని, "ఇక్కడ" అంది.