నైట్ కింగ్ ఎక్కడికెళ్ళాడు మావా?

కథ ఎలా ముగుస్తుందో ముందే తెలిసిపోతే మజా పోతుందంటారు. నాకైతే ఆ మాట ఎప్పుడూ ఎక్కలేదు. కురుక్షేత్రంలో ఎవరు గెలుస్తారో తెలియకనా మన తాతలు తెల్లార్లూ కూర్చుని నాటకాలు చూసింది? తెలియని కథకి ఇంకో రకం మజా ఉంది, కాదనను. కాకపోతే అందులో చాలా భాగం కథ మొదలవకముందు మనం వేసుకునే లెక్కల్లో ఉంటుంది. 2019 ఏప్రిల్ 22 నుంచి 29 దాకా మా హాస్టల్లో మేం చేసిన పని అదొక్కటే. బీటెక్ ఆఖరి సెమిస్టరు, ప్రాజెక్టు రిపోర్టు ఎవడూ ముట్టుకోలేదు.

గేమ్ ఆఫ్ థ్రోన్స్ చూడనివాళ్ళకి రెండు ముక్కలు. (ఎప్పటికైనా చూద్దాంలే అనుకుంటున్నవాళ్ళు ఇక్కడితో ఆపెయ్యండి, తర్వాత నన్ను తిట్టుకుని లాభం లేదు.) ఉత్తరాన పేద్ద మంచుగోడ. దాని అవతల నుంచి శవాల సైన్యం ఒకటి వస్తుంటుంది. నాయకుడి పేరు నైట్ కింగ్. యుద్ధంలో ఇటువైపు ఎవడు చచ్చినా లేచి అటువైపు చేరిపోతాడు. బతికున్నవాళ్ళంతా పాత పగలు పక్కనపెట్టి వింటర్‌ఫెల్ అనే కోటలో పోగయ్యారు. ఎనిమిదో సీజన్లో రెండో ఎపిసోడు మొత్తం యుద్ధానికి ముందురాత్రి కబుర్లే. మూడోది యుద్ధం. మధ్యలో ఏడు రోజులు ఖాళీ.

ఆ ఏడు రోజులూ మా రూమ్మేటువి.

వాడి గురించి కొంచెం చెప్పాలి. క్లాసులో వాడి గొంతు ఎవరూ విన్న పాపాన పోలేదు. రెండు సబ్జెక్టులు మిగిలిపోయాయి. క్యాంపస్‌కి వచ్చిన కంపెనీలన్నీ వచ్చి వెళ్ళిపోయాయి, ఒక్కటీ తీసుకోలేదు. ఇంటినుంచి ఫోనొస్తే వరండా చివరికెళ్ళి మాట్లాడేవాడు. కానీ మా ఫ్లోరులో మార్టిన్ రాసిన అయిదు పుస్తకాలూ చదివినవాడు వాడొక్కడే. 1996లో వచ్చిన మొదటిదాన్నుంచి 2011లో వచ్చిన అయిదోదాకా, అదీ ఫోను స్క్రీను మీద. దాంతో ఆ వారం ఆఫర్ లెటర్లు చేతిలో ఉన్న మేమంతా వాడి మంచం చుట్టూ నేలమీద కూర్చుని నోళ్ళు తెరుచుకుని వినేవాళ్ళం. వాడు లెక్చరరు, మేం స్టూడెంట్లు.

రెండో ఎపిసోడు చివర్లో వైట్ వాకర్లు గుర్రాలమీద వచ్చి కోటముందు నిలబడతారు. అందులో నైట్ కింగ్ కనపడడు. మిగతావాళ్ళెవరం గమనించలేదు. వీడు మాత్రం లాప్‌టాప్ వెనక్కి జరిపి ఆపి, "నైట్ కింగ్ ఎక్కడికెళ్ళాడు మావా?" అన్నాడు.

వాడి వాదన ఏంటంటే, నైట్ కింగ్ అసలు వింటర్‌ఫెల్‌కి రాడు. వాడి దగ్గర డ్రాగన్ ఉంది. సైన్యమంతా ఉత్తరాన పోగయ్యుంటే వాడు ఎగురుకుంటూ దక్షిణాన రాజధాని కింగ్స్ ల్యాండింగ్‌కి వెళ్ళి, అక్కడున్న లక్షల జనాన్ని చంపి లేపుతాడు. సాక్ష్యాలా? రెండో సీజన్లో డెనేరిస్‌కి ఒక దర్శనం: పైకప్పు కూలిపోయిన సింహాసనం హాలు, లోపలంతా మంచులాంటిది. నాలుగో సీజన్లో బ్రాన్‌కి ఇంకోటి: రాజధాని ఇళ్ళమీద డ్రాగన్ నీడ. ఈ రెండూ కలపండ్రా అన్నాడు. కలిపాం. నాకు నిజంగా ఒళ్ళు గగుర్పొడిచింది.

నా పందెం ఇంత గొప్పది కాదులెండి. యుద్ధం చెయ్యలేనివాళ్ళని కోటకింద సమాధుల్లో దాస్తారు. అక్కడ భద్రం, అక్కడ భద్రం అని ఆ ఎపిసోడులో పదేపదే చెప్తారు. శవాల్ని లేపేవాడు మీదకొస్తుంటే పోయి శ్మశానంలో దాక్కోవడం ఏం తెలివో! అక్కడివాళ్ళు లేస్తారని నేను రాశాను, లేచారు కూడా.

రాశాను అంటే నిజంగానే రాశాం. రూము తలుపుమీద కాయితం అంటించి, ఎవరు పోతారో ఒక్కొక్కరం పేర్లు వేశాం. బ్రియన్‌కి ఎక్కువ ఓట్లు పడ్డాయి, ఎందుకంటే ముందురాత్రే ఆవిడకి నైట్‌హుడ్ ఇచ్చారు. గ్రే వార్మ్ కూడా యుద్ధం అయ్యాక నిన్ను మీ ఊరు తీసుకెళ్తానని ప్రియురాలికి మాటిచ్చాడు. మన సినిమాల్లో రేపు రిటైరయ్యే హెడ్ కానిస్టేబుల్ గతే వీళ్ళదీ అనుకున్నాం. ఇద్దరూ నిక్షేపంగా బతికారు. థియాన్, జోరా పోతారని రాయనివాడు లేడు, వాళ్ళు మాత్రం పోయారు.

మధ్యలో శుక్రవారం, అంటే 26న, అవెంజర్స్ ఎండ్‌గేమ్ విడుదలైంది. సగం హాస్టలు అటు పోయింది. మావాడు పోలేదు.

29 సోమవారం పొద్దున 6:30కి హాట్‌స్టార్‌లో వచ్చింది. కిటికీలకి దుప్పట్లు కట్టాం. ఎనభై రెండు నిమిషాల ఎపిసోడు, తీయడానికి 55 రాత్రులు పట్టిందట. ఏం లాభం, ఏమీ కనపడలేదు! తర్వాత కెమెరామన్ ఫేబియన్ వాగ్నర్ తప్పు నాది కాదు, మీ టీవీ సెట్టింగులదీ స్ట్రీమింగ్ కంప్రెషన్‌దీ అన్నాడు. అందులో కొంత నిజముంది. వీడియో కంప్రెషన్ మొదట కోత పెట్టేది చీకటి భాగాల్లోని చిన్నచిన్న తేడాలకే, బిట్‌రేటు తక్కువైతే నలుపంతా గడులు గడులుగా విరిగిపోతుంది. హాస్టల్ వైఫైలో మాకు కనపడింది ఆ గడులే. అయినా ఒక్క షాటు మాత్రం మర్చిపోలేను. మంటల కత్తులతో డోత్రాకీ గుర్రాలు చీకట్లోకి దూసుకుపోతాయి, దూరంగా ఆ దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతాయి. రూములో ఊపిరి చప్పుడు కూడా లేదు. (ఎదురుగా ఏముందో చూడకుండా అశ్వదళాన్నంతా ముందే పంపడం ఏం వ్యూహమని తర్వాత రెండ్రోజులు కొట్టుకున్నాం, అది వేరే సంగతి.)

నైట్ కింగ్ వింటర్‌ఫెల్‌కే వచ్చాడు. ఆర్యా ఎగిరి దూకి, కత్తి ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి వదిలి పొడిచింది. వాడు పొడయ్యాడు, సైన్యమంతా కుప్పకూలింది. మా భాషలో సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్. ఎనిమిదేళ్ళుగా వస్తోంది వస్తోందన్న ముప్పు ఒక్క రాత్రిలో ఖతం. అందరం అరిచాం, ఎగిరాం. మావాడు మాత్రం "మరి ఆ చుట్టలు చుట్టలుగా శవాల్ని ఎందుకు పేర్చార్రా?" అన్నాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. సీరియలూ చెప్పలేదు.

ఆర్యా చంపడం మీద నాకు పేచీ లేదు. ఆ కత్తి విద్య ఏడో సీజన్లోనే బ్రియన్‌తో సాధన చేసేటప్పుడు చూపించారు, అది న్యాయమే. నా పేచీ వాళ్ళు చెప్పిన కారణంతో. ఆర్యానే అని మూడేళ్ళ ముందే అనుకున్నామనీ, జాన్ స్నో అయితే అందరూ అనుకునేదే కాబట్టి వద్దనుకున్నామనీ రచయితలు అన్నారు. ప్రేక్షకుడు కనిపెట్టేస్తాడని కథ మార్చడమేంటండీ? జాన్ తల్లి ఎవరో అభిమానులు 1990ల చివర్లోనే కనిపెట్టేశారు. 2016లో సీరియల్లో చెప్పినప్పుడు ఎవరైనా అలిగారా? అసలు ఈ రచయితలకి సీరియల్ హక్కులు దక్కడానికి ముందు మార్టిన్ అడిగిన ప్రశ్న కూడా అదే, జాన్ తల్లి ఎవరని.

మన కట్టప్పనే చూడండి. 2015 జులై నుంచి 2017 ఏప్రిల్ 28 దాకా బాహుబలిని ఎందుకు చంపాడని దేశమంతా బుర్ర బద్దలు కొట్టుకుంది. తీరా చూస్తే జవాబేంటి? శివగామి ఆజ్ఞ. సింహాసనానికి కట్టుబానిస కాబట్టి చంపాడని మా పిన్ని మొదటి భాగం చూసొచ్చిన రోజే చెప్పేసింది. అయినా రెండుసార్లు థియేటర్‌కెళ్ళి ఏడ్చింది.

ఆశ్చర్యమే కావాలంటే భారతంలో రాత్రియుద్ధం ఉంది. దివిటీలు వెలిగించుకుని మరీ కొట్టుకుంటారు. ఇంద్రుడిచ్చిన శక్తిని కర్ణుడు అర్జునుడి కోసం దాచిపెట్టుకున్నాడు, ఒక్కసారే పనిచేస్తుంది. వినేవాడు ఎప్పుడెప్పుడా అని దానికోసమే చూస్తుంటాడు. అది పోయి ఘటోత్కచుడికి తగులుతుంది. ఎవడూ ఊహించనిదే, కానీ దాచుకున్న ఆయుధం లెక్క అక్కడ తేలిపోయింది. చుట్టల్లాగా గాల్లో వదిలెయ్యలేదు.

తమాషా ఏంటంటే, రెండు వారాల తర్వాత అయిదో ఎపిసోడులో కింగ్స్ ల్యాండింగ్ మీద డ్రాగన్ నీడ పడనే పడింది. ఊరు తగలబడింది, మంచులాగా బూడిద రాలింది. దర్శనాలు రెండూ నిజమే, డ్రాగన్ మాత్రం డెనేరిస్‌ది. నేను సంబరంగా వాణ్ణి లేపి చూపిస్తే "ఊఁ" అని అటు తిరిగి పడుకున్నాడు. అప్పటికే మంచం చుట్టూ జనం పలచబడ్డారు. పరీక్షలు దగ్గరకొచ్చాయి. జాయినింగ్ డేట్లు, పీజీ అద్దెలు, మా మాటలన్నీ అవే. ఆ మాటల్లో చెప్పడానికి వాడి దగ్గర ఏమీ లేదు.

మిగిలిన సబ్జెక్టులు ఆ ఏడాదే కట్టేశాడు. ఇప్పుడు వేరే ఊళ్ళో టెస్టింగ్ ఉద్యోగం. సీరియల్ ముగింపు మార్చి మళ్ళీ తియ్యమని 10 లక్షల మందికి పైగా సంతకాలు పెట్టిన అర్జీ గురించి ఒకసారి అడిగితే, వాడు పెట్టలేదన్నాడు. పుస్తకాల్లో ఈ నైట్ కింగ్ అనే పాత్రే లేదు, పాతకాలపు కథల్లో దగ్గరి పేరు ఒకటి వినిపిస్తుందంతే. ఆరో పుస్తకం వస్తే అక్కడ ఉత్తరాన్నుంచి ఎవరొస్తారు, ఎటొస్తారు అన్నది వాడి దృష్టిలో ఇంకా తేలని లెక్కే. మొన్న రాత్రి పదకొండున్నరకి ఆ సంగతే ఫోన్లో మొదలుపెట్టాడు. పొద్దున్నే మీటింగుంది రా అంటే "అయిదు నిమిషాలు మావా" అన్నాడు. ఒంటిగంట దాటింది. నేను మధ్యలో రెండుచోట్ల అడ్డం తగిలాను గానీ, వాడి దగ్గర రెండింటికీ జవాబుంది.