సిర్ర, సిటికెన పుల్ల

బొమ్మలేసేటప్పుడు సంగీతం వింటే చెయ్యి కుదురుగా ఉంటుందని మా డ్రాయింగు మాస్టారు వీణ క్యాసెట్టు పెట్టేవాడు. నా వేళ్లు మాత్రం బల్ల మీద డప్పు దరువేసేవి. "అది చావు మోతరా, సంగీతం కాదు" అన్నాడాయన. క్లాసంతా నవ్వింది.

చావు మోతే. ఎవరి చావులకి? కామందుల శవాల ముందు మా అయ్య వెట్టికి కొట్టాడు. వాళ్ల జాతరకీ ఆ డప్పే కావాలి. కొట్టినోడు మాత్రం గడప తొక్కకూడదు. మేకతోలు నానబెట్టి, చింతగింజల జిగురుతో చట్రానికి అంటించి, మంట మీద కాచి శ్రుతి చేసేది మేం. మాకు సంగీతం తెలియదంట!

కుడిచేతి సిర్ర పెద్ద దెబ్బ వేస్తుంది. ఎడమచేతి సిటికెన పుల్ల సందులు నింపుతుంది. నా కుంచెలూ అంతే. లావుదానితో గీత, సన్నదానితో కంటి వెలుగు. 1991లో అంబేద్కర్ శతజయంతికి గూడెం గోడ మీద బాబాసాహెబ్ బొమ్మేస్తుంటే అయ్య పక్కన కూచుని కొట్టాడు. ఆ దరువు మీదే కోటు మడతలు పడ్డాయి.

ఆ ఏడే ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. రాత్రంతా పోస్టర్లేశాం. అయ్య డప్పు కాచాడు. అదీ చావు మోతే. కాకపోతే ఈసారి మనోళ్ల కోసం, వెట్టికి కాదు.

బొమ్మలేసే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, వీణైనా వినండి, మీ ఇష్టం. డప్పు విని కుంచె పట్టడానికి మాత్రం ఎవరి అనుమతీ అడగొద్దు.