కాగితం గెలిచినట్టేనా?

2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ గ్లాసులు, స్ట్రాలు, స్పూన్లు బంద్ కదా. టీ కొట్లలో వాటి జాగాలోకి పేపర్ కప్పు వచ్చి కూర్చుంది. టీ తాగేశాక ఆ కప్పు అంచు చించి చూడండి, లోపల సన్నటి ప్లాస్టిక్ పొర సాగుతూ వస్తుంది. అది లేకపోతే కాగితం నానిపోతుంది మరి. ఆ పొర ఉందనే పాత పేపర్లాయన కూడా దాన్ని ముట్టుకోడు.

పోనీ అచ్చమైన కాగితమే మేలా అంటే, బజ్జీలు న్యూస్‌పేపర్లో చుట్టొద్దని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ మొత్తుకుంటోంది, సిరా తిండిలోకి దిగుతుందని. మా వీధి బండాయన పేపర్లో చుట్టి, ఆ పొట్లాన్ని మళ్లీ కవర్లో వేసిస్తాడు. రెండు పార్టీలకీ న్యాయం!

నా ఓటు మాత్రం గాజు గ్లాసులో టీ పోసే కొట్టుకే. గ్లాసులు కడిగే బకెట్ సంగతి అడక్కండి.