మంచం పడితేనే క్లెయిమ్

"ఒక్క రాత్రి అడ్మిట్ చేస్కోండ్రి సార్, పొద్దుగాల తీస్కపోత" అన్నాడు ఆ తండ్రి. పక్కన కూర్చున్న కూతురికి పందొమ్మిదేళ్లు. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో ఉంటూ కోచింగుకు వెళ్తోంది. చేతులు కడిగీ కడిగీ వేళ్ల సందులు పగిలి, తెల్లగా పొట్టు లేస్తోంది. ఓసీడీ. ఆమెకు కావలసినవి మాత్రలు, వారానికోసారి చొప్పున మూణ్ణాలుగు నెలల థెరపీ. మంచం అక్కర్లేదు, సెలైన్ అసలే అక్కర్లేదు. కానీ ఆయన చేతిలో ఉన్న ఇన్సూరెన్స్ కార్డుకు మంచం కావాలి.

కుదరదన్నాను. "పోనీ ఫైల్ల గ్యాస్ట్రిక్ అని రాయుండ్రి" అన్నాడు. దానికీ తల అడ్డంగా ఊపాను. "గుండెకైతే ఇస్తరు, బుర్రకియ్యరా?"

తుర్కయంజాల్‌లో సాగర్ రోడ్డు పక్కన మానసిక వైద్య క్లినిక్ తెరిచిన నాటి నుంచీ ఈ ప్రశ్న వింటున్నాను. ఒకప్పుడు జవాబు సులువు: ఇవ్వరు. మినహాయింపుల జాబితాలో మానసిక జబ్బులకు ఖాయంగా ఒక వరుస ఉండేది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, సెక్షన్ 21(4) దాన్ని కొట్టేసింది. ఒంటి జబ్బుకు ఏ పద్ధతిలో బీమా ఇస్తారో మనసు జబ్బుకూ అదే పద్ధతిలో ఇవ్వాలంది. 2018 మే 29న చట్టం అమల్లోకి వచ్చింది, ఆగస్టులో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ కంపెనీలకు సర్క్యులర్ పంపింది. ఆ సంస్థ ఏ ఢిల్లీలోనో లేదు. బొంగ్లూరు గేటు దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే నానక్‌రామ్‌గూడలో దిగి చూడొచ్చు. అయినా అక్కడి మాట ఇక్కడికి చేరడానికి ఏళ్లు పట్టింది. 2021 ఏప్రిల్లో ఢిల్లీ హైకోర్టు ఒక మహిళ కేసులో కంపెనీని తప్పుబట్టి క్లెయిమ్ కట్టమంది. 2022 అక్టోబరు 31లోగా అన్ని పాలసీలూ సరిచేయాలని ఐఆర్‌డీఏఐ మళ్లీ గడువు పెట్టాల్సి వచ్చింది.

ఆ మధ్యకాలంలోనే ఆదిబట్లలో షిఫ్టుల్లో పనిచేసే కుర్రాడొకడు వచ్చాడు. నాలుగు రాత్రులు కంటిమీద కునుకు లేదు, అప్పుచేసి మూడు ఫోన్లు కొన్నాడు, అన్నతో కలబడ్డాడు. బైపోలార్. ఆసుపత్రిలో చేర్చక తప్పలేదు. క్లెయిమ్ తిరస్కరించారు. ఆ కాగితం నీలం ప్లాస్టిక్ కవరులో మడతలు పెట్టుకుని వాళ్లమ్మ తెచ్చింది. ఆమె చదువుకోలేదు, అయినా ఏ వరుసలో "లేదు" అని ఉందో వేలుపెట్టి చూపించింది. సెక్షన్ నంబరుతో సహా ఉత్తరం రాసిచ్చాను. మూడో ఉత్తరానికి డబ్బు వచ్చింది.

గెలిచామనుకున్నాను. ఇంటికెళ్లాక లిథియం మొదలైంది. ఆ మందు మోతాదు కాస్త ఎక్కువైనా విషమే, అందుకే రక్తంలో లిథియం, కిడ్నీ, థైరాయిడ్ అప్పుడప్పుడూ చూస్తూ ఉండాలి. అదంతా ఓపీ, జేబులోంచి పెట్టుకోవాలి. రెండుసార్లు పరీక్ష ఎగ్గొట్టాడు, తర్వాత మాత్రలే మానేశాడు, మళ్లీ పడిపోయాడు. పరీక్షకు రూపాయి రాల్చని పాలసీ రెండో అడ్మిషనుకు మాత్రం మారు మాట్లాడకుండా చెల్లించింది!

"షుగరు ఓపీకీ ఇవ్వం కదా డాక్టర్, అందరికీ ఒకటే రూలు" అన్నాడు నాకు తెలిసిన ఒక బీమా ఏజెంటు. మాట నిజమే. కానీ షుగరు ముదిరితే వచ్చే స్టెంటుకూ, కాలు కోతకూ వాళ్లు ఇస్తారు. జనం భయపడి బీమా కట్టేదే ఆ ఖర్చుకు. మా దగ్గర ఎక్కువమందికి వైద్యమంతా ఓపీలోనే మొదలై ఓపీలోనే ముగుస్తుంది. ఆసుపత్రిలో ఇరవై నాలుగు గంటలు పడుకోవాలన్న నియమం రాయిమీద చెక్కిందేమీ కాదు. కాటరాక్టుకు, డయాలిసిస్‌కు, కీమోకు ఎప్పుడో సడలించారు. కంటిలో పొర తీయడం గంటలో అయిపోతోందని అక్కడ ఒప్పుకున్నారు. మంచం లేకుండా మనిషిని నిలబెట్టగలమని మేం చెబితే మాత్రం వైద్యం జరిగినట్టు లెక్కే కాదు. వీలైనంతవరకు రోగిని ఇంటివాళ్ల మధ్యే ఉంచి నయం చేయమంటోంది ఆ 2017 చట్టమే.

ఆ పిల్ల రెండు సిటింగులకు వచ్చింది. కుళాయి కట్టేశాక పది నిమిషాలు ఆగడం నేర్చుకుంది, రెండోసారి ఇరవై. మూడోదానికి బుధవారం రమ్మని చీటీ రాసిచ్చాను. తండ్రి చీటీ చొక్కా జేబులో పెట్టుకుంటూ, "జీతం పడ్డంక వస్తం సార్" అన్నాడు. అప్పుడు తారీఖు పన్నెండు.