గండికోటలో గుడారం

కడప జిల్లాలో జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు పోతే గండికోట వస్తుంది. ఎర్రమల కొండలను చీల్చుకొని పెన్నానది పారే చోటు అది. ఆ చీలికే గండి. దాని ఒడ్డున ఉన్నది గనుక గండికోట. కోటలో మాధవరాయస్వామి ఆలయమూ, జామా మసీదూ, పెద్ద ధాన్యపు కొట్టూ ఉన్నవి. వాటి సంగతి మరొక మాటు. ఇప్పుడు చెప్పబోయేది గుడారం సంగతి.

గండికోటకూ గుడారానికీ పాత చుట్టరికమే. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వర్తకుడు ఇక్కడికి వచ్చాడు. కోటను పట్టుకొన్న మీర్ జుమ్లా తన గుడారంలో కూర్చుని, కాలివేళ్ళ సందున కాగితాలు ఇరికించుకొని పనులు చక్కబెట్టేవాడని ఆయన రాసిపెట్టాడు. ఆ గుడారాన్ని ఎన్ని ఎడ్లు మోశాయో గాని, మా గుడారం మూడు కిలోలకు మించదు. దాన్ని మా మనవడే వీపున వేసుకొని నడిచాడు.

చలికాలంలో మనవణ్ణీ మనవరాలినీ వెంటబెట్టుకొని వెళ్ళాను. మేము దిగిన చోట కుళాయి లేదు, దీపం లేదు. ఇరవై లీటర్ల నీళ్ళు డబ్బాలో మేమే తీసుకుపోయాం.

"లోయ అంచునే వేద్దాం తాతా! పొద్దున లేస్తూనే నది కనబడుతుంది" అన్నాడు మనవడు.

పిల్లలూ, ఆ అంచున చాలా చోట్ల గోడ లేదు, కంచె లేదు. నది ఎక్కడో వందల అడుగుల కింద ఉంటుంది. రాత్రివేళ నిద్రమత్తులో లేచిన వాడికి దిక్కు తెలుస్తుందా? పైగా లోయలోంచి గాలి రివ్వున కొడుతుంది. అందుచేత అంచుకు మూడు వందల అడుగులు ఇవతల, చదునైన నేల చూచి వేశాం. తలుపును కోట వైపుకు తిప్పాం. రాత్రి ఎవరూ ఒంటరిగా బయటికి పోరాదనీ, పోయేటప్పుడు నుదుటికి దీపం కట్టుకోవాలనీ కట్టడి చేశాను. నుదుటి దీపం చాలా మంచి వస్తువు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి.

ఈ కాలపు గుడారానికి నడుమ గుంజ ఉండదు. పొట్టి అల్యూమినియం గొట్టాలు, వాటి లోపల సాగే తాడు ఉంటాయి. విదిలిస్తే గొట్టాలు ఒకదానిలో ఒకటి దూరి పొడుగాటి బద్ద అవుతుంది. రెండు బద్దలను అడ్డంగా వంచి గుడ్డకు తగిలిస్తే విల్లులాగా బిగిసి నిలబడుతుంది. రాతి నేలలో మేకులు దిగలేదు. మేకులకు బదులు తాళ్ళను బరువైన రాళ్ళకు కట్టాం.

వంట బయటనే. గుడారం లోపల పొయ్యి వెలిగించరాదు. గుడ్డ అంటుకోవటం ఒక భయమైతే, వాసన లేని కార్బన్ మోనాక్సైడు మరొక భయం. అది నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

పడక దగ్గర పేచీ వచ్చింది. మనవరాలు వేలెడు మందం నురగ చాప పరచుకొని ఒక్క కంబళి కప్పుకున్నది. మనవడు, "నాకు రెండు కంబళ్ళూ పైనే కావాలి" అని, కింద ఉత్త దుప్పటి పరిచాడు. సరే, చూడనిద్దాం అనుకున్నాను. అర్ధరాత్రి, "తాతా, వీపు జిల్లుమంటున్నది" అన్నాడు.

కంబళి తనంత తాను వెచ్చనిది కాదు. దాని పోగుల మధ్య చిక్కుకున్న గాలి మన ఒంటి వేడిని పోనీయదు. పైన కప్పితే ఆ గాలి నిలుస్తుంది. కింద వేస్తే మన బరువుకు పోగులు నలిగి గాలి పోతుంది. అప్పుడు నేల మన వేడిని జుర్రుకుంటుంది. నురగ చాపలో గాలి చిన్న చిన్న గదుల్లో బందీగా ఉంటుంది, నలగదు. జానెడు ఎత్తున గాలి ఊదిన పరుపు ఇంకా వెచ్చగా ఉంటుందనుకుంటారేమో! లోపల ఏ అడ్డూ లేకపోతే, మనం కదిలినప్పుడల్లా గాలి అటూ ఇటూ పొర్లి వేడిని అడుగుకు చేరవేస్తుంది. మెత్తదనం వేరు, వెచ్చదనం వేరు. నా సంచిలోని రెండో చాప వాడికి ఇచ్చాను. తెల్లవారేదాకా కదలలేదు.

పొద్దున మనవరాలు పైగుడ్డను తాకి, "రాత్రి వాన పడిందా, తాతా?" అన్నది. లోపలి వైపు నీటిబొట్లు బారులు తీరి ఉన్నవి. ఆకాశంలో మబ్బు ముక్క లేదు.

"వాన కాదమ్మా, మనమే కురిశాం!" అన్నాను.

మన ఊపిరి నుంచీ, ఒంటి నుంచీ ఒక్కొక్కరికి రాత్రంతా కలిసి గ్లాసెడు నీరు ఆవిరిగా పోతుంది. ఆ ఆవిరి చల్లని గుడ్డను తాకి మళ్ళీ నీరవుతుంది. అందుకే మంచి గుడారానికి రెండు పొరలు: లోపల గాలాడే వల గుడ్డ, బయట నీళ్ళు దిగని గుడ్డ. బొట్లు బయటి పొరకే పట్టి, జారి నేలలోకి పోతాయి. పైన గాలి కిటికీ కూడా ఉంటుంది. చలి వేస్తున్నదని దాన్ని మనవరాలు రాత్రి మూసేసిందట!

తడి గుడారాన్ని మడిస్తే బూజు పడుతుంది. పైగుడ్డను తిరగేసి ఎండలో రాళ్ళ మీద పరిచి, అంతసేపూ అంచుకు దూరంగా నిలబడి పెన్నను చూచాం. ఎర్రని రాతిగోడల మీద ఎండ మెల్లగా కిందికి దిగి నీటిని తాకేసరికి, గుడ్డ ఆరిపోయింది.